ప్రెయిరీ నేలలు - పశుగ్రాసపు పంటలు

పశువు బలముగా నున్న గ్రామమున సేద్యము బలముగా నుండును. పశువు బలమునకు మూలము మేత. మేతకు మూలము నేల. ఈ మూడింటికిని గల సంబంధమును మరచినచో ఎట్టి కష్టములు కలుగునో, దానిని గుర్తెరిగి నడచుకొన్నచో ఎట్టి మేలు చేకూరునో తెలిసికొనుటకు ఉత్తర అమెరికా ఖండమందలి ప్రెయిరీ భూముల చరిత్ర చక్కని పాఠము. తమ గ్రామపు మేతబీళ్లను గూర్చి నిర్ణయములు చేయు పంచాయతీ సభ్యులకు ఉపకరించునను తలంపుతో ఆ విషయములను ఇచ్చట సంగ్రహముగా వివరించుచున్నాము.

ప్రెయిరీ అనగా నేమి?

ప్రెయిరీ అనునది ఫ్రెంచి భాషాపదము. పచ్చికబయలు అని దాని అర్థము. కెనడాలోని ఆల్బర్టా, సస్కాచివాన్, మానిటోబా రాష్ట్రములు మొదలుకొని దక్షిణమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ వరకు, పడమట రాకీ పర్వతముల పాదము వరకు ఈ బయళ్లు వ్యాపించి యున్నవి. తూర్పుననున్న ఇల్లినాయి, అయోవా ప్రాంతములలో సాలుకు 30 మొదలు 40 అంగుళముల వరకు వాన కురియును. పడమటికి పోయినకొలది వాన తగ్గుచు, పర్వతముల చెంత పెక్కుచోట్ల 15 అంగుళములకు లోపుగా నుండును.

వాననుబట్టి గడ్డియు మారుచున్నది. తూర్పున బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, స్విచ్ గ్రాస్ అను జాతులు మనిషి ఎత్తును మించి పెరుగును. పడమట బ్లూ గ్రామా, బఫెలో గ్రాస్ వంటి పొట్టి గడ్డి మాత్రమే నిలువగలదు. నడుమ ప్రాంతమున రెండు తరహాలును కలిసి యుండును. ఈ బయళ్లమీద వేలాది సంవత్సరములు బైసన్ అను అడవి పశువుల మందలు మేయుచు, ఒకచోట నిలువక ముందునకు సాగిపోవుచుండెడివి. అవి విడిచిపోయిన నేలలో గడ్డి మరల చిగిర్చుటకు తగిన వ్యవధి దొరకెడిది.

ఆ నేలకు సారము ఎట్లు వచ్చినది?

ప్రెయిరీ గడ్డిలో పైకి కనిపించు భాగముకంటె భూమిలోనున్న భాగమే ఎక్కువ. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ వీవర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు గత శతాబ్ది పూర్వార్ధమున లోతుగా కందకములు త్రవ్వించి, గడ్డివేళ్లను ఓపికతో పరిశీలించెను. కొన్ని జాతుల వేళ్లు ఆరేడు అడుగులకు మించి దిగియుండుట ఆయన చూపెను.

ప్రతి సంవత్సరము ఈ వేళ్లలో కొంత భాగము చచ్చి మన్నులో కలియును. చలికాలమున నేల గడ్డకట్టుటచే కుళ్లుట మందగించును. కావున చివికిన పదార్థము పూర్తిగా హరించిపోక ఏటేటా పేరుకొనును. వానపాములును, కలుగులు త్రవ్వు జంతువులును దానిని మన్నుతో కలియబెట్టును. వాన మితముగా నుండుటచే సున్నపు అంశము కొట్టుకొనిపోక నేలలోనే నిలుచును. ఇట్లు వేలాది ఏండ్లు జరుగగా, పైనున్న అడుగు రెండడుగుల మన్ను నల్లనై, చేతితో నలిపిన మెత్తగా పొడియగు గుణము కలదైనది.

రష్యాదేశపు గడ్డిమైదానములలోను ఇట్టి నేలయే కలదు. అచ్చట దానిని చెర్నోజెమ్, అనగా నల్లమన్ను, అందురు. దోకుచాయెవ్ అను శాస్త్రజ్ఞుడు 1883లో దానిని గూర్చి ప్రకటించిన గ్రంథము నేలల శాస్త్రమునకు పునాది వంటిది. కెనడాలో ఈ పేరే వాడుకలో నున్నది. అమెరికా శాస్త్రజ్ఞులు ఈ తరగతికి మాలిసాల్ అని పేరిడిరి. మెత్తనిది అను అర్థముగల లాటిన్ పదము దీనికి మూలము.

మేతపంటలకు అనుకూలత

ఇట్టి నేల మేతపంటలకు తగియుండుటకు మూడు కారణములు కలవు. మొదటిది, చివికిన పదార్థము సమృద్ధిగా నుండుటచే పైరునకు నత్రజని మెల్లమెల్లగా అందుచుండును. రెండవది, మన్ను రవ్వకట్టి యుండుటచే వాననీరు లోనికి ఇంకును, ఇంకిన నీరు నిలువయుండును, మిగులు నీరు క్రిందికి జారిపోవును. మూడవది, సున్నపు అంశము చాలినంత యుండుటచే నేలలో పులుపుగుణము తక్కువ. కాయజాతి మేతలకు, ముఖ్యముగా లూసర్న్‌కు, ఈ మూడును కావలెను. లూసర్న్ వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి పైరునకు అందించును. కావున ఆ పైరు పశువునకు మేతయై, నేలకు ఎరువు కూడ అగుచున్నది.

అయితే నేల మంచిదైనను అచ్చటి చలికి లూసర్న్ తట్టుకొనెడిది కాదు. 1857లో వెండలిన్ గ్రిమ్ అను జర్మను రైతు స్వదేశమునుండి కొద్ది పౌనుల విత్తనమును తెచ్చి మినెసోటాలో చల్లెను. చలికి చాల మొక్కలు చచ్చెను. అతడు విసుగుచెందక, బ్రతికిన మొక్కల విత్తనమునే ఏటేటా దాచి చల్లుచు వచ్చెను. కొన్నేండ్లకు చలిని తట్టుకొను రకము ఏర్పడినది. గ్రిమ్ లూసర్న్ అను పేర అది ఉత్తర ప్రాంతములందంతట వ్యాపించినది. విత్తనమును ఎంచి దాచుకొను రైతు ఎంతటి మేలు చేయగలడో దీనివలన తెలియుచున్నది.

తగని నేలలు

ప్రెయిరీలోని ప్రతి చెక్కయు ఒక్కతీరుగా లేదు. నీరు నిలుచు పల్లములలో లూసర్న్ వేళ్లు కుళ్లును. నెబ్రాస్కాలోని ఇసుకదిబ్బలపై దున్నకము పనికిరాదు. గడ్డియే ఆ ఇసుకను కదలకుండ పట్టియుంచుచున్నది. అచ్చటివారు ఆ భూమిని దున్నక పశువుల మేతకే విడిచినారు.

మరియొక చిక్కు చవుడు. మొంటానా, సస్కాచివాన్ మొదలగు చోట్ల ఒక ఏడు గోధుమ వేసి, మరుసటి ఏడు నేలను బీడుంచు అలవాటు ఉండెడిది. బీడుంచిన ఏట మెరకనేలలో పడిన వాన, త్రాగు వేరు లేనందున, లోతునకు దిగి, భూమిలోని లవణములను కరగించుకొని, పల్లపు పొలములలో ఊటగా పైకి వచ్చెడిది. నీరు ఆవిరికాగా ఉప్పు మిగిలెడిది. మెరకన లూసర్న్ వేయగా, దాని లోతైన వేళ్లు ఆ నీటిని మధ్యనే త్రాగివేయుటచే పల్లమున ఊట తగ్గినది. జబ్బు కనిపించినచోట గాక, అది పుట్టినచోట మందు వేయవలెనని దీని సారాంశము.

నాగలి తెచ్చిన నష్టము

1837లో జాన్ డీర్ అను కమ్మరి ఇల్లినాయిలో ఉక్కునాగలిని తయారుచేసెను. అంతవరకు లొంగని ప్రెయిరీ నేల దానికి లొంగినది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము వలన సేద్యము చేయ గోరువారికి 160 ఎకరముల చొప్పున భూమి లభించెను. ఆ భూములలో తరతరములుగా బ్రతుకుచున్న ఆదివాసులు తొలగింపబడిరి. బైసన్ మందలు నశించెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున గోధుమ ధర హెచ్చగా, వాన చాలని పడమటి బయళ్లను సైతము దున్నిరి.

1930 తరువాత వరుసగా కరవులు వచ్చెను. పైరు మొలవలేదు, పట్టియుంచు గడ్డివేరు లేదు. గాలి వీచినపుడెల్ల మన్ను దుమ్మై లేచెను. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమున లేచిన దుమ్ము పట్టపగలే చీకటి చేయుటచే దానిని నల్ల ఆదివారమని నేటికిని చెప్పుకొందురు. లక్షలాది జనము ఇండ్లు విడిచి వలస పోయిరి. అదే నెల 27వ తేదీన భూసార సంరక్షణ చట్టము అమలులోనికి వచ్చినది. హ్యూ బెన్నెట్ నాయకత్వమున ఒక ప్రత్యేక శాఖ ఏర్పడినది.

ఉమ్మడి మేతబయళ్లు

కెనడా ప్రభుత్వము కూడ 1935లోనే ప్రెయిరీ సేద్య పునరుద్ధరణ సంస్థను నెలకొల్పెను. సేద్యమునకు పనికిరాక విడిచిన భూములను ఆ సంస్థ చేకొని, కంచె వేసి, గడ్డి చల్లి, ఉమ్మడి మేతబయళ్లుగా మార్చెను. 1898లో హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు రష్యానుండి అమెరికాకు తెచ్చిన క్రెస్టెడ్ వీట్ గ్రాస్ ఇందులకు ఎక్కువగా ఉపయోగపడినది. చుట్టుపట్ల రైతులు రుసుము చెల్లించి తమ పశువులను తోలుకొనెడివారు. ఏ బయలులో ఎన్ని పశువులు మేయవలెనో, ఏ చెక్కకు ఎప్పుడు విశ్రాంతి ఇయ్యవలెనో నియమము ఉండెడిది. దుమ్ము లేచిన నేలలో మరల గడ్డి నిలిచినది.

ఇందులోను ఒక హెచ్చరిక కలదు. తెచ్చిపెట్టిన గడ్డి కొన్నిచోట్ల స్థానిక గడ్డిజాతులను త్రోసివేయుచున్నదని పిమ్మట తెలియవచ్చినది. మరియు 2012లో కేంద్రప్రభుత్వము ఈ బయళ్ల నిర్వహణ నుండి తప్పుకొనుటకు నిశ్చయించి, క్రమముగా వానిని రాష్ట్రములకు అప్పగించెను. సస్కాచివాన్‌లో పశువుల యజమానులు సంఘములుగా ఏర్పడి బయళ్లను కౌలునకు తీసికొనిరి. ఉమ్మడి ఆస్తి నిలుచుట చివరకు దానిని అనుభవించువారి కట్టుబాటుపైననే ఆధారపడునని దీనివలన గ్రహింపవలెను.

మన నేలలు, మన కర్తవ్యము

మన నల్లరేగడి చూపునకు ప్రెయిరీ నేలను పోలియుండును. కాని రంగు చూచి మోసపోరాదు. ప్రెయిరీ నలుపు చివికిన వేళ్లవలన వచ్చినది. మన రేగడిలో చివికిన పదార్థము స్వల్పము. ఎక్కువగా నున్నది జిగురుమన్ను. తడిసిన ఉబ్బి, ఎండిన బీటలు వారును. మన యెండకు చివికిన పదార్థము శీఘ్రముగా హరించును. కావున అచ్చటి విత్తనములు తెచ్చి ఇచ్చట చల్లుట గాక, అచ్చటి సూత్రములను గ్రహించి మన పంటలకు అన్వయించుకొనవలెను.

వర్షాధారపు రేగడిలో మేతజొన్నను అలసందతో కలిపి వేయవచ్చును. డెల్టాలో వరికోతకు ముందు పిల్లిపెసర, జనుము చల్లు ఆచారము మన పెద్దలు ఏర్పరచినదే. అది మేతయు, ఎరువును. నీటివసతి యుండి మురుగు పోవు నేలలో చలికాలపు ఆరంభమున లూసర్న్ వేయవచ్చును. క్రొత్తగా వేయు నేలలో విత్తనమునకు తగిన సూక్ష్మజీవుల పొడి పట్టింపవలెను. పచ్చి లూసర్న్‌ను మాత్రమే కడుపునిండ మేపినచో పశువునకు కడుపుబ్బరము వచ్చును. ఎండుగడ్డితో కలిపి పెట్టవలెను. నీరు నిలుచు పల్లములకు పారాగడ్డి, ఎర్రచెలకల బీళ్లకు స్టైలో, అంజన్ గడ్డి తగినవి.

రాజ్యాంగపు 73వ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు భూసార సంరక్షణయు, వంటచెరకు-పశుగ్రాసమును చేరియున్నవి. గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పులో రాష్ట్రములను ఆదేశించినది. కనుక మేత పోరంబోకు, బంచరాయి భూములను కాపాడుటకు పంచాయతీకి అండ లేకపోలేదు. కావలసినది పూనిక.

సభ్యులు ముందుగా చేయదగిన పనులు ఇవి: గ్రామమందలి మేతబీడు ఎంతయో కొలిపించి హద్దురాళ్లు వేయించుట, మన్ను పరీక్ష చేయించుట, బీడును నాలుగైదు చెక్కలుగా విభజించి వంతులవారీగా మేపించుట, వానలు మొదలైన తొలివారములలో గడ్డి వేరూనువరకు పశువులను తోలకుండ గ్రామసభలో కట్టుబాటు చేయుట, వాలుకు అడ్డముగా గట్లు వేయించుట.

గట్టి గడ్డివేరు ఒక్కటి మన్నును పట్టియుంచును. మన్ను నిలిచిన నీరు నిలుచును. నీరు నిలిచిన మేత పెరుగును. వేలాది ఏండ్లలో ఏర్పడిన ప్రెయిరీ మన్ను కొలది ఏండ్ల దురాశకు గాలిపాలైనది. మన బీళ్లలో మిగిలియున్న మన్ను అంతకంటె పలుచన. దానిని ఈ సంవత్సరపు తొలకరి నుండియే కాపాడ మొదలిడుట మన పంచాయతీల విధి.