ఫోను మందగించుట – ర్యామ్ పాత్ర

స్కాలర్‌షిప్పు ఫారము నింపుచు, ఓటీపీ కొరకు మెసేజీలలోనికి పోయి మరలివచ్చునప్పటికి నింపిన వివరములన్నియు మాయమగుట మనలో పలువురకు అనుభవమే. దోషము ఎల్లప్పుడు వెబ్‌సైటుది కాదు. ఫోనులో స్టోరేజి వేరు, ర్యామ్ వేరు. మొదటిది పుస్తకముల బీరువా. రెండవది చదువుకొను బల్ల. 2 జీబీల ర్యామ్ గల ఫోనులో బల్ల మిక్కిలి చిన్నది. క్రొత్త యాప్‌కు చోటు చాలనిచో, వెనుకనున్న పాతదానిని ఆండ్రాయిడ్ తానే తొలగించును. అట్లు తొలగినది మన ఫారమే కావచ్చును.

యాప్‌లన్నిటిని గడియగడియకు తుడిచివేయుట మేలని కొందరు తలంతురు. మేమట్లు భావింపము. నిత్యము వాడు యాప్‌ను మూసి, మరల మొదటినుండి తెరచుటకు కాలము, బ్యాటరీ రెండును అధికముగా వ్యయమగును. వేగము పెంచెదమను క్లీనర్ యాప్‌లును ఆ బల్లమీదనే కదా కూర్చుండునది!

అయితే ఫారము నింపుటకు ముందు మాత్రము ఆటలను, వీడియోలను మూయవలెను. ఓటీపీ వచ్చినప్పుడు పేజీని విడువక, తెర పైభాగమును క్రిందికి లాగి నోటిఫికేషన్‌లోనే చదువుకొనవలెను. స్టోరేజి నిండినను ఫోను మందగించును. కనుక వాట్సాప్‌లో వీడియోలు తమంతట డౌన్‌లోడ్ కాకుండ సెట్టింగ్స్‌లో ఆపివేయవలెను.