పన్ను నొప్పికి సెలవు పెట్టాలా, మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లాలా?

జ్వరమంటే సూపర్‌వైజర్ సెలవిస్తాడు, పన్ను నొప్పంటే "మాత్ర వేసుకో" అంటాడు. మనమూ మొహమాటపడి అదే చేస్తాం. మెడికల్ షాపులో రెండు మాత్రలు తీసుకుని, దవడన ఒక లవంగం పెట్టుకుని నైట్ షిఫ్టుకు వెళ్లిపోతాం. చాలాసార్లు తెల్లారేదాకా గడిచిపోతుంది కూడా. గడవని సందర్భాలేవో మాత్రం నొప్పిని బట్టి తేల్చలేం. ప్రాణం తోడేసే నొప్పి మర్నాటిదాకా ఆగొచ్చు. పెద్దగా నొప్పి లేని వాపు గంటసేపు కూడా ఆగకపోవచ్చు.

ఆ వాపు సంగతే ముందు. పిప్పి పన్ను వేరు దగ్గర చేరిన చీము ఒక్కోసారి నాలుక కిందికి, గడ్డం కిందికి, అక్కణ్నుంచి మెడలోకి పాకుతుంది. ఉమ్మి మింగలేకపోతున్నా, నోట్లో రెండు వేళ్లు పట్టకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా పళ్ల క్లినిక్ తెరిచేదాకా కూర్చోకండి. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం అది. పై పన్ను వాపు కంటిదాకా ఎక్కినా, వాపుతో పాటు చలిజ్వరం వచ్చినా అంతే. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు.

ఇందులో ఇంకో మోసం ఉంది. నాలుగు రోజులు చంపుకుతిన్న నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. హమ్మయ్య అనుకుని సెలవు రద్దు చేసుకుంటారు. చాలాసార్లు జరిగేదేమిటంటే, పంటి లోపలి నరం చచ్చిపోయి నొప్పి తెలియడం మానేస్తుంది, చీము పని చీము చేసుకుపోతూనే ఉంటుంది.

ఇక దెబ్బలు. బైకు మీంచి పడినా, సైటులో కర్ర తగిలినా పన్ను వేరుతో సహా ఊడి రావచ్చు. దాన్ని పారేయకండి, మళ్లీ అతికించొచ్చు. వేరు మీద సన్నటి పొర ఉంటుంది. అది ఆరిపోకుండా ఉంటేనే పన్ను నిలుస్తుంది. అందుకని వేరును ముట్టుకోకుండా, బయటికి కనిపించే తెల్లటి భాగాన్నే పట్టుకోవాలి. మట్టి అంటితే పాలతోనో, మంచినీళ్లతోనో కొన్ని క్షణాలు కడిగితే చాలు. రుద్దొద్దు, సబ్బు వద్దు. మనిషి స్పృహలో ఉంటే పన్నును దాని గుంతలోనే సరిగ్గా పెట్టి, మడిచిన రుమాలు కరిచి పట్టుకోమనాలి. అలా పెట్టలేకపోతే టీ బండి దగ్గర పచ్చిపాలో, ప్యాకెట్ పాలో అడిగి అందులో వేయండి. నీళ్లలో నానబెట్టొద్దు, కాగితంలో చుట్టి జేబులో వేసుకోవద్దు. అరగంటలో డాక్టర్ చేతికి చేరితే మంచి అవకాశం ఉంటుంది, గంట దాటితే అది బాగా తగ్గిపోతుంది. ఇదంతా పెద్దపళ్లకే, పిల్లల పాలపళ్లను తిరిగి పెట్టకూడదు. దెబ్బ తగిలాక పై పళ్లు, కింది పళ్లు కలవకపోతే దవడ విరిగిందేమో చూపించాలి. వాంతులో, మగతో ఉంటే పన్ను సంగతి పక్కనబెట్టి ముందు తలకు చూపించండి.

పన్ను పీకించుకుని ఆ పూటే డ్యూటీ ఎక్కేవాళ్లకు రాత్రి రక్తం రావడం మామూలే. ఊరికే ఉమ్ముతూ, పుక్కిలిస్తూ ఉంటే గడ్డకట్టిన రక్తం కొట్టుకుపోతుంది. శుభ్రమైన తడిగుడ్డ మడిచి అరగంట గట్టిగా కరిచి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికే. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందు వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపేయొద్దు, డాక్టర్‌కు చెప్పండి.

వాపు లేని నొప్పికి ఆ రాత్రి గడవడానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. 500 మిల్లీగ్రాములవి రోజుకు ఎనిమిది మించకూడదు. లివర్ జబ్బో, తాగే అలవాటో ఉంటే అన్ని కూడా పనికిరావు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే అక్కడ కాలి పుండు పడుతుంది. షాపువాడిచ్చే యాంటీబయాటిక్ పిప్పి పన్నును బాగుచేయదు. ఒక్క హెచ్చరిక: మెట్లెక్కినప్పుడో, బరువెత్తినప్పుడో దవడ లాగి, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది గుండెపోటు కావచ్చు.

ఖర్చు సంగతి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతుంటే పళ్ల వైద్యం కూడా అక్కడ అడగండి. పనిలో తగిలిన దెబ్బయితే ఆ రోజే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించండి, తర్వాత నిరూపించుకోవడం కష్టం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రులున్నాయి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో మామూలు పళ్ల వైద్యం సాధారణంగా ఉండదు. ప్రమాదంలో తగిలిన దెబ్బకు వర్తిస్తుందేమో పాలసీ చూసుకోండి.

సూపర్‌వైజర్లకు ఒక మనవి. దవడ వాచి, మాట తేలిపోతున్న మనిషి మీ ముందుకొస్తే షిఫ్టు అయ్యేదాకా ఆగమనకండి. తోడుగా ఒకరినిచ్చి అప్పటికప్పుడు పంపండి. గేటు పాసు మీద సంతకం తర్వాతైనా పెట్టుకోవచ్చు.