అగ్గిపుల్లలు, వాల్వ్ ట్యూబు, వంగిపోయే క్యూబ్

'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' పోటీ అనగానే ఏం చేస్తాం? బాటిల్ కోసి, రంగేసి, పెన్ స్టాండ్ చేస్తాం. దానికోసం జిగురు, మెరుపులు కొత్తగా కొంటాం. ఫోటో దిగాక అది మళ్ళీ చెత్తబుట్టలోకే. ఇందులో సస్టైనబిలిటీ ఎక్కడుందో నాకైతే అర్థం కాదు.

అరవింద్ గుప్తా దారి వేరు. ఆయనా ఇంజనీరే. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణెలో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్)లో చేరారు. 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) వైపు వెళ్ళారు. అక్కడి పల్లె బడుల్లో 1972 నుంచే ప్రయోగాలతో సైన్స్ నేర్పే కార్యక్రమం అప్పట్లో నడుస్తూ ఉండేది. సైకిల్ వాల్వ్‌లో వాడే సన్న రబ్బరు ట్యూబు, అగ్గిపుల్లలు తీసుకుని ఆయన పిల్లల చేత బొమ్మలు కట్టించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మీరూ చేసి చూడండి. కాల్చేసిన అగ్గిపుల్లల నల్ల కొనలు తీసేసి, అన్నీ ఒకే పొడవుకి కోయండి. ట్యూబును చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండు వైపుల నుంచి రెండు పుల్లలు దూర్చండి. మూడో పుల్ల కావాలంటే ముక్క మధ్యలో సూదితో గుచ్చి పెట్టాలి. ఆరు పుల్లలు, నాలుగు జాయింట్లతో చతుర్ముఖి వస్తుంది. నొక్కినా ఆకారం మారదు. పన్నెండు పుల్లలతో క్యూబ్ కడితే మాత్రం పక్కకి ఒరిగిపోతుంది!

ఎందుకు? ఒక్కో జాయింట్ మూడు దిక్కుల్లో కదలగలదు, ఒక్కో పుల్ల ఒక కదలికను ఆపుతుంది. మొత్తం బొమ్మ జరగడానికి, తిరగడానికి ఆరు వదిలేయాలి. అంటే జాయింట్లు v అయితే కనీసం 3v−6 పుల్లలు కావాలి. చతుర్ముఖికి 6, సరిపోయాయి. క్యూబ్‌కి 18 కావాలి, ఉన్నవి 12. మిగతా ఆరూ ఎక్కడ? ఒక్కో ముఖానికి ఒక కర్ణం! పొడవు సుమారు 1.4 రెట్లు ఉండాలి కాబట్టి చీపురు పుల్లలు కోసి, మూలల దగ్గర దారంతో కట్టండి.

మా ఎన్ఎస్ఎస్ టీమ్ ఒక గవర్నమెంట్ స్కూల్లో ఏడో క్లాసు పిల్లలతో ఇది చేయించింది. అరగంటసేపు నోరు విప్పని ఒక అమ్మాయి, "అన్నా, ఇది నిలబడట్లేదు" అంది. మేం జవాబు చెప్పలేదు. పక్కవాళ్ళ చతుర్ముఖిని కాసేపు చూసి, తనే ఒక పుల్ల అడ్డంగా పెట్టింది. తర్వాత వెనక బెంచీ వాళ్ళకి తనే నేర్పింది. మనకి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో "కాన్ఫిడెన్స్ పెంచుకోండి" అని స్లైడ్ చూపిస్తారు (అప్పటికి సగం మంది ఫోన్లలో ఉంటాం). ఇక్కడ స్లైడే లేదు. విరిగితే తిట్టేవాళ్ళు కూడా లేరు, ఎందుకంటే విరిగింది కాలిన అగ్గిపుల్ల. ఖరీదైన కిట్ ఇచ్చి ఉంటే ఆ అమ్మాయి ముట్టుకునేదా అని నా డౌటు.

ఇంకొకటి మిగిలింది. అష్టముఖికి ఆరు జాయింట్లు, పన్నెండు పుల్లలు, అంటే క్యూబ్‌కి వాడినన్నే. అది ఒరుగుతుందా, నిలబడుతుందా? ముందు లెక్క వేయండి, తర్వాత కట్టండి.