టాల్, టాలర్, టాలెస్ట్: తడబాటు ఎక్కడ?



'టాల్, టాలర్, టాలెస్ట్' అని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. పరీక్షలో మాత్రం 'రవి ఈజ్ టాల్ దాన్ రాజు' అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. ఇది అజాగ్రత్త కాదు. కారణం మన తెలుగులోనే ఉంది.

'పొచ్చెర కంటే కుంటాల జలపాతం ఎత్తు' అంటాం. 'అన్నిటికంటే ఎత్తు' అన్నా ఆ 'ఎత్తు' మారదు; పనంతా 'కంటే' చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో 'దాన్' ఒక్కటే చాలదు, విశేషణం కూడా మారాలి: 'కుంటాల ఈజ్ హయ్యర్ దాన్ పొచ్చెర.' మనం 'ఇంకా ఎత్తు' అంటాం కదా, అందుకే కొందరు 'మోర్ హయ్యర్' అనేస్తారు. చివర 'ఎర్' చేరితే ముందు 'మోర్' వద్దు. అది 'బ్యూటిఫుల్' లాంటి పొడవాటి మాటలకు. 'గుడ్, బెటర్, బెస్ట్' మాత్రం బట్టీ పట్టాల్సిందే.

ఇంట్లో నేర్పేటప్పుడు అన్నదమ్ముల మార్కులు, పక్కింటి అమ్మాయి ర్యాంకు ఉదాహరణగా తీసుకోకండి. 'అక్క ఈజ్ బెటర్ దాన్ యూ' వ్యాకరణపరంగా సరైనదే, కానీ విన్న పిల్లవాడు మళ్లీ ఇంగ్లిష్‌లో నోరు తెరవడు.

మన చుట్టూ ఉన్నవి చాలు. చలికాలంలో 'ఆదిలాబాద్ ఈజ్ కోల్డర్ దాన్ కరీంనగర్' అనిపించండి. మానేరు వెళ్లి కలిసేది గోదావరిలోనే: 'ద గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ద మానేర్.' 1,465 కిలోమీటర్ల గోదావరి దక్షిణ భారతంలో అన్నిటికంటే పొడవైన నది. ఆ వాక్యం పిల్లలనే చెప్పనివ్వండి. 'లాంగెస్ట్' ముందు 'ద' వచ్చిందో లేదో గమనించండి, ఎక్కువమంది మరిచేది అదే.