పాలకవర్గమును సభ్యులును: సంఘమున సమాచారము నడువవలసిన తీరు

(సహకార పాఠము. గ్రామములలో సభ్యులు కలిసి చదువుకొని చర్చించుటకు)

సహకార సంఘమునకు వాటాధనము, డిపాజిట్లు, నిధులు ఎంత యవసరమో సభ్యుల నమ్మకము నంతే యవసరము. ధనము తక్కువైనచో జిల్లా బ్యాంకునుండి అప్పు తెచ్చుకొనవచ్చును. నమ్మకము తక్కువైనచో దానిని అప్పిచ్చు బ్యాంకు లేదు. ఈ నమ్మకము ఉపన్యాసములవలన గలుగునది కాదు. సంఘములో జరుగుచున్నది సభ్యునికి వేళకు తెలియుటవలనను, సభ్యుడు అడిగిన దానికి సకాలమున బదులు వచ్చుటవలనను గలుగును. ఈ రెండును ఎట్లు సాధింపవచ్చునో యీ పాఠమున విచారింతము.

1. పూర్వపు పద్ధతి, నేటి స్థితి

1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండు దేశమందలి రాచ్‌డేలు పట్టణమున కొందరు నేతగాండ్రును ఇతర కార్మికులును కలిసి చిన్న యంగడి తెరచిరి. ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క వోటు అనునది వారి నియమములలో నొకటి. జమాఖర్చుల పట్టికలను తరచుగా సభ్యుల ముందుంచవలెననునది మరియొకటి. లెక్క తెలియనివానికి వోటుండియు ప్రయోజనము లేదని వారు గ్రహించిరి. జర్మనీ దేశమున రైఫైజెను స్థాపించిన గ్రామ ఋణసంఘములు ఇంకొక మార్గము పట్టినవి. సభ్యులందరు నొకరినొకరు ఎరుగునట్లు సంఘపు పరిధిని చిన్నదిగా నుంచినవి. మన దేశమున 1904లో వచ్చిన సహకార ఋణసంఘముల చట్టము కూడ నీ మార్గమునే యనుసరించి, ఒక గ్రామమువారుగాని కొన్ని గ్రామములవారుగాని పదిమంది చేరి సంఘము పెట్టుకొనుట కవకాశమిచ్చినది.

అట్టి చిన్న సంఘమున ప్రత్యేకముగా వార్త పంపవలసిన పని లేకుండెను. ఉదయము అధ్యక్షుని యరుగుమీద జరిగిన మాట సాయంకాలమునకు చెరువుగట్టున వినబడెడిది. కాలక్రమమున చిన్న సంఘములు కలుపబడినవి. 1987లో ఆంధ్రప్రదేశమున సింగిల్ విండో పద్ధతి వచ్చి స్వల్పకాలిక, దీర్ఘకాలిక ఋణములు ఒకే సంఘమున లభించునట్లయినది. ఇందువలన రైతునకు తిరుగుడు తగ్గినమాట నిజమే. కాని నేడు ఒక సంఘము క్రింద పెక్కు గ్రామములు, వాని శివారు పల్లెలు నున్నవి. సంఘ కార్యాలయమున్న గ్రామమువానికి తెలిసిన సంగతి నాలుగు మైళ్ల దూరమున నున్నవానికి తెలియదు. పూర్వము తనంతట జరిగినపనిని ఇప్పుడు పూనికతో చేయవలసి యున్నది.

2. తెలియకపోవుటవలన కలుగు నష్టము

దీనిని అంకెలలో చూతము. మూడు లక్షల రూపాయల లోపు స్వల్పకాలిక పంట ఋణములకు కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకము 2025-26 సంవత్సరమునందును కొనసాగింపబడినది. దాని ప్రకారము వడ్డీ 7 శాతము. గడువులోపల చెల్లించినవానికి మరి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఒక రైతు 1,00,000 రూపాయలు ఏడాదికి తెచ్చుకొన్నాడనుకొనుడు. గడువునకు ముందు చెల్లించినచో వడ్డీ 4,000 రూపాయలు. గడువు తేదీ తెలియక దాటిపోయినచో ఆ 3,000 రూపాయల తగ్గింపు పోవును. పైకము చేతనుండియు తేదీ యెరుగనందున నష్టపడిన రైతు, ఆ నష్టమునకు తన్ను గాక సంఘమునే నిందించును. తేదీ ముందుగా తెలుపనిచో నతని నింద యన్యాయమనుటకు వీలులేదు.

పంటల బీమా సంగతియు నిట్టిదే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము అమలులో నున్నచోట్ల, వడగండ్లవంటి స్థానిక విపత్తువలన పంట చెడినచో 72 గంటలలోపల తెలియజేయవలెను. మూడు దినములు గడచిన పిమ్మట ఈ నియమము తెలిసిన రైతునకు తెలియకున్నను ఒక్కటే.

3. పాలకవర్గము చేయవలసిన పనులు

ఎన్నికైన పాలకవర్గమున్నను, ప్రభుత్వము నియమించిన త్రిసభ్య సంఘమున్నను ఈ క్రింది పనులు వారి విధులే యని తలంపవలెను.

(అ) ప్రకటన పలక. సంఘము గోడకు పలక లేని చోటు లేదు; దానిమీద క్రొత్త వ్రాత యున్నచోటు లరుదు. ఎరువుల విషయమున దీని యుపయోగము మెండు. 45 కిలోల యూరియా బస్తాలు 220 వచ్చినవనియు, కావలసిన సభ్యులు 600 మంది యున్నారనియు అనుకొనుడు. ఎవ్వరికి ఎన్ని ఇచ్చిరో చెప్పనిచో, దొరకని 380 మందియు బస్తాలు దొడ్డిదారిని పోయినవనియే నమ్ముదురు. వచ్చినవెన్ని, ఇచ్చినవెన్ని, మిగిలినవెన్ని, పంచుటకు పెట్టుకొన్న నియమమేమి, మరల వచ్చునదెప్పుడు అను అయిదు సంగతులు పలకమీద వ్రాసినచో కొరత తీరదుగాని అనుమానము చాలవరకు తీరును. ఆ నియమమును బస్తాలు వచ్చిన తరువాత గాక, కారు మొదలగునప్పుడే సభ్యులతో నాలోచించి యేర్పరచుకొనుట మేలు.

(ఆ) పని జరుగునప్పుడే లెక్క తెలుపుట. ఇందుకు పాల సంఘములు మంచి యాదర్శము. 1946లో గుజరాతునందలి ఖేడా జిల్లాలో పాల యూనియను ఏర్పడినది. ఆ మాదిరి సంఘములలో సభ్యుడు పాలు పోయునప్పుడు పాలు కొలిచి, వెన్నశాతము చూచి, ఆ యంకెలను అతని పుస్తకమునందో చీటిమీదనో వ్రాసి యిచ్చు పద్ధతి కలదు. దినమునకు రెండుసారులు తన లెక్క తాను చూచుకొనువానికి సంఘము పరాయిది గాదు. ఋణసంఘములుకూడ పైకము చెల్లిన ప్రతిసారియు రసీదునందు అసలెంత, వడ్డీయెంత, మిగిలిన బాకీయెంత, తరువాతి గడువెప్పుడు అను నాలుగును తెలుగున వ్రాసి యిచ్చినచో సగము తగవులు పుట్టవు.

(ఇ) మహాజన సభ. నోటీసులో తేదీయు స్థలమును మాత్రమే యున్నచో సభ్యుడు చేతులెత్తుటకు వచ్చునుగాని ఆలోచించుటకు రాడు. నోటీసుతోపాటు ఒక్క కాగితముమీద సభ్యుల డిపాజిట్లెంత, ఇచ్చిన ఋణములెంత, గడువు దాటిన బాకీలెంత, ఎరువుల వ్యాపారమున లాభనష్టములెంత, ఆడిటరు చూపిన లోపములేవి, వానికి పాలకవర్గము చెప్పు సమాధానమేమి అనునవి పంపవలెను. సభలో ఆస్తి అప్పుల పట్టికను గడగడ చదివి ముగింపరాదు. వసూలుకాని వడ్డీని ఆదాయముగా చూపినచో లాభమున్నట్లు కనబడియు పెట్టెలో పైకముండకపోవచ్చునని, సభ్యులకర్థమగునట్లు చెప్పవలెను. కోతలు, నాట్లు ముమ్మరముగా నున్నప్పుడు సభ పెట్టుట, సభ్యులను రావలదని చెప్పుటతో సమానము.

(ఈ) అందరికి నందుట. ఫోను సందేశము త్వరగా పోవును. కాని అక్షరములు రాని వృద్ధునకు, ఫోను భర్త చేతనున్న స్త్రీకి, సభ్యుడైన కౌలురైతునకు అది చేరినదో లేదో యెవరు చూతురు? శివారు పల్లెలలో దండోరా వేయించుట మానరాదు. ప్రతి డైరెక్టరును తన భాగపు గ్రామములకు నెలకొకసారి పోయి సంఘపు సంగతులు చెప్పి, వారి సంగతులు వినివచ్చి పాలకవర్గ సమావేశమున విన్నవింపవలెను.

ఇచట నొక హెచ్చరిక. సంఘపు మొత్తము లెక్కలు దాచరాదు. ఒక్కొక్క సభ్యుని డిపాజిటు వివరములు బయటపెట్టరాదు. సంఘపు లెక్కలు సభ్యులందరి సొత్తు. సభ్యుని ఖాతా యాతని స్వంత విషయము.

4. సభ్యుల మాట పాలకవర్గమునకు చేరుట

చెప్పుట సగము పని. వినుట మిగిలిన సగము. ఇందుకు కార్యాలయమున ఒక ప్రశ్నల పుస్తక ముంచవలెను. సభ్యుని ప్రశ్నగాని ఫిర్యాదుగాని వరుస సంఖ్యతోను తేదీతోను అందు వ్రాయబడవలెను. వ్రాయలేనివాని మాట గుమాస్తా వ్రాసి చదివి వినిపింపవలెను. పదునైదు దినములలోపల బదులు ఎదుటి పుటలో వ్రాయవలెను. కోరిన పని సాధ్యము కానిచో కాదనియు, కారణ మిదియనియు వ్రాయుట మర్యాద. "చూతము" అను బదులు బదులు కాదు. ఈ పుస్తకమును ప్రతి పాలకవర్గ సమావేశమున మొదటి యంశముగా చదువవలెను.

5. సభ్యుల విధి

లోపమంతయు నాయకులదే యనుట న్యాయముగాదు. ఋణము కావలసినప్పుడు మాత్రమే సంఘము గుర్తువచ్చు సభ్యులు పెక్కురు కలరు. సభలో నోరు మెదపక, టీ దుకాణమున సంఘమును విమర్శించువారును కలరు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని సామెత. అడుగువారు మనుష్యులనుగూర్చి గాక అంకెలనుగూర్చి అడుగవలెను. "మీరందరు తినివేసిరి" అన్నచో తగవు పుట్టును. "ఎరువుల ఖాతాలో రవాణా ఖర్చు నిరుటికంటె నేల పెరిగినది?" అన్నచో బదులు చెప్పక తప్పదు.

ఇంకొక సంగతి. సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినచో సంఘమునుండి సమస్తము వచ్చునని కొందరి తలంపు. ప్రభుత్వ యాజమాన్యముగాని, గట్టి యధికారముగాని, గణనీయమైన ధనసహాయముగాని లేని సహకార సంఘము ఆ చట్టము క్రిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున సభ్యునికి ముందుగా నుపయోగించు సాధనములు సంఘపు నియమావళియు, మహాజన సభయునే. నియమావళి ప్రతి యొకటి చదివియుండుట ప్రతి సభ్యునికి అవసరము.

అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరున అంగీకరించిన ఏడు సూత్రములలో సభ్యుల ప్రజాస్వామిక పాలన రెండవది. విద్య, శిక్షణ, సమాచారము అయిదవది. అయిదవది లేనిచో రెండవది కాగితముమీదనే నిలుచును.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన సంఘపు ప్రకటన పలకమీద చివరి వ్రాత యే తేదీది?
2. ఇక్కడ కూడినవారిలో తమ ఋణపు గడువు తేదీని చూడక చెప్పగలవారెందరు?
3. కడచిన మహాజన సభలో ఎన్ని ప్రశ్నలు వచ్చినవి? ఎన్నిటికి బదులు వచ్చినది?
4. సంఘపు వార్త చేరని పల్లె మన పరిధిలో నేది? అచటికి వార్త కొనిపోవు పూచీ యెవరు వహింతురు?

నాలుగవ ప్రశ్నకు ఒక సభ్యుని పేరు వ్రాసిన పిమ్మటనే చర్చ ముగింపుడు.