మూలనపడ్డ టిల్లర్: ముందు చేత్తో తిరగాలి, తర్వాతే స్టార్ట్



కొమ్మ కత్తిరించాక మల్బరీ సాళ్ల మధ్య దున్నాలని, ఏళ్లుగా మూలనపడ్డ డీజిల్ టిల్లర్ బయటికి తీస్తుంటాం. తీసిన రోజే హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పకండి. నిలవున్న ఇంజన్‌లో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు తుప్పుతో లైనర్‌కి పట్టుకొని ఉండొచ్చు. బలవంతం చేస్తే రింగు విరుగుతుంది, లైనర్ గీసుకుపోతుంది. చైను పట్టాల ట్రాక్టరైనా వరస ఇదే.

1. ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ మూతి, ఫ్యాన్ దగ్గర ఎలుక గూడు, కందిరీగల మట్టి ఉన్నాయేమో చూడండి. ఆయిల్ పోసే ఎయిర్ క్లీనర్ అయితే డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయండి.

2. పాత ఇంజన్ ఆయిల్ దించండి. పాలు కలిపిన టీలా ఉంటే లోపల నీళ్లు చేరినట్టే. మెకానిక్‌కి చూపించకుండా ముందుకు పోవద్దు. బాగుంటే కొత్త ఆయిల్ పోయండి.

3. పాత డీజిల్ మొత్తం తీసెయ్యండి. అడుగున నీళ్లు, జిగురు ఉంటాయి. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చి, కొత్త డీజిల్, రేడియేటర్‌లో నీళ్లు పోయండి.

4. గేరు న్యూట్రల్‌లో, యాక్సిలరేటర్ స్టాప్‌లో పెట్టి, డీకంప్రెషన్ లివర్ నొక్కి మెల్లగా తిప్పండి. తిరిగితే 20, 30 చుట్లు తిప్పండి, ఆయిల్ పైకి చేరుతుంది. తిరగకపోతే ఆగండి. నాజిల్ విప్పి, సిలిండర్‌లో కొద్దిగా డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత ఫ్లైవీల్‌ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపండి. వదిలాక, నాజిల్ బిగించకముందే బాగా తిప్పి ఆ ఆయిల్‌ని బయటికి పంపాలి. ఆయిల్ గాలిలా అణగదు, లోపల మిగిలితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొంత కిందికీ దిగి ఉంటుంది కాబట్టి ఇంజన్ ఆయిల్ మళ్లీ మార్చండి.

5. ఇప్పుడు గాలి తీయాలి. ముందు ఫిల్టర్ స్క్రూ, తర్వాత పంపు స్క్రూ, చివర నాజిల్ పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిల్ రానివ్వండి. చిమ్మే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూరుతుంది.

6. ఆరుబయటే స్టార్ట్ చెయ్యండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. ఇంజన్ వెనక్కి కొడితే వేలు విరుగుతుంది. డీజిల్ ఆపినా వేగం పెరుగుతుంటే గాలి పీల్చే మూతికి చెక్క అడ్డం పెట్టండి, చెయ్యి కాదు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ గుర్తు రాకపోతే వెంటనే ఆపండి. వస్తే పది నిమిషాలు లోడు లేకుండా నెమ్మదిగా తిరగనివ్వండి.

ఇంక పురుగుల సంగతి. నాలుగో జ్వరం లేచాక పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా తింటుంది. ఆ రోజుల్లో ఆకు కోసే చేతికి డీజిల్ అంటి ఉంటే బ్యాచ్‌కే ముప్పు. అందుకే చాకీ రాకముందే, పురుగుల షెడ్డుకీ ఆకు గదికీ దూరంగా ఈ పని ముగించండి. పాత ఆయిల్ డబ్బాలో పట్టండి, తోటలో పొయ్యకండి. సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చాకే ఆకు ముట్టండి.

ఇంజన్ వదలకపోతే ఈ పంటకి అద్దె టిల్లర్‌తో దున్నించుకోండి. నానేది నాననీ, తొందరపడొద్దు.