తెరపై పాఠము, ఊరి బాధ్యత

కోవిడ్ వ్యాధి కారణమున 2020 మార్చిలో తెలంగాణలోని పాఠశాలలు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు బోధింపబడినవి. ఇంట టీవీ లేని పిల్లలు పొరుగింటనో, పంచాయతీ కార్యాలయముననో కూర్చుండి వినవలసి వచ్చినది.

ఈ పాఠములతో పిల్లలు తృప్తి చెందిరా? తెరపైని ఉపాధ్యాయుడు చక్కగనే చెప్పవచ్చును. కాని వినువారి ముఖములు ఆయనకు కానరావు. లెక్క బోధపడని బాలిక చేయెత్తినను ప్రసారము ఆగదు. ఇంటి కొక్కటే ఫోనున్నచో, అది తండ్రితో పొలమునకు పోయిననాడు పిల్లలకు పాఠమే లేదు. కావున “పాఠము చూచితివా?” అని యడిగిన చాలదు, “ఏమి తెలిసినది? ఏది తెలియలేదు?” అని యడుగవలెను.

పంచాయతీ సభ్యులారా! అట్టి యాపద మరల వచ్చినచో మనము చేయదగిన పనులు మూడు కలవు. టీవీ గాని ఫోను గాని లేని ఇండ్లను ముందుగనే గుర్తింపవలెను. పంచాయతీ కార్యాలయమున పిల్లలు ఎడముగా కూర్చుండుటకు వసతి కల్పింపవలెను. పాఠము ముగిసిన పిదప సందేహములు తీర్చుటకు ఊరి చదువరులలో ఒకరిని ఒప్పింపవలెను. తెర పాఠము చెప్పగలదు. పిల్లవాని ప్రశ్న వినువారు ఊరిలోనే ఉండవలెను.